మాస్టారి బొమ్మ

జూన్ 21

వీక్లీ టెస్ట్ పేపర్లు ఇచ్చారు. ఫిజిక్స్ పోయింది. తప్పు నాదే. ముందు రోజు సాయంత్రం గిలకలదిండి రేవులో పడవలు గీస్తూ కూర్చుని, ఇంటికొచ్చి చదివానని చెప్పాను. నాన్నకి అబద్ధమంటే అసహ్యం. అందుకే కొట్టారు. మార్కుల గురించైతే అంత కొట్టేవారు కాదు.

బెత్తం తొడ మీద తగిలితే ముందు చల్లగా ఉంటుంది. మంట తర్వాత మొదలవుతుంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి టీవీ సౌండ్ పెంచి మళ్లీ లోపలికి వెళ్లింది.

సాయంత్రం నాన్న తొక్కుడు లడ్డు తెచ్చారు. "తినమ్మా, నీ కోసమే" అన్నారు. నాన్నది వెన్నలాంటి మనసు. చదువు దగ్గరే కోపం. బందరులో ఎవర్నడిగినా చెబుతారు, రాంప్రసాద్ మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు చెడిపోడని.

జూన్ 29

పీత బొమ్మ అమ్ముడుపోయింది! విశాఖపట్నంలో ఎవరో డాక్టరు గారట. నీటిరంగుల్లో వేసిన మడ పీత, ఒక డెక్క విరిగినది. విరిగిన డెక్క నచ్చిందని రాశారు.

నా క్లాస్‌మేట్ జోహ్రా గంతులేసింది. అసలు అది లేకపోతే ఆన్‌లైన్‌లో బొమ్మలమ్మే ఈ పేజీయే లేదు. బొమ్మలు వాళ్లింట్లో వేస్తాను. ఫోన్ దానిది, బ్యాంకు ఖాతా వాళ్లమ్మది, అట్టపెట్టెలో పెట్టి కొరియర్‌లో వేసేది కూడా అదే. పేజీకి 'ఉప్పుగాలి' అని పేరు పెట్టాం. మనోజ్ఞ అన్న నా పేరు ఎక్కడా ఉండదు. మా ఇంట్లో దీన్ని కంబైన్డ్ స్టడీ అంటారు.

అబద్ధమేం కాదు. నిజంగానే చదువుతున్నాం.

జూలై 17

నీటిరంగుల్లో సుఖం ఏంటంటే ప్రతి పూతా ఆరేదాకా ఆగాలి. ఆకాశం ఆరేలోపు ఒక ఇంటిగ్రేషన్ లెక్క. నీళ్లు ఆరేలోపు కెమిస్ట్రీలో ఒక ప్రశ్న. జోహ్రా గడియారం పట్టుకుని కూర్చుంటుంది. "ఆరిపోయిందే, పుస్తకం మూసెయ్" అని అదే అంటుంది.

ఈ నెల మూడు ఆర్డర్లు ఒకేసారి వచ్చాయి. రికార్డు రాయడం అలాగే ఉండిపోయింది. ల్యాబ్‌లో మేడం రికార్డు తెరిచి, "ఇదేంటమ్మా, వోల్ట్‌మీటర్ పక్కన కొంగ" అన్నారు. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఈ సంగతి నాన్న దాకా వెళ్లకపోతే చాలు.

జూలై 19

వెళ్లింది.

ఆగస్టు 9

ఎనిమిదో తరగతి ట్యూషన్ పిల్లల్ని నాన్న నాకు అప్పగించారు. "నువ్వు కూడా నాలుగు లెక్కలు చెప్పు, పుణ్యం వస్తుంది" అన్నారు. వరండాలో కూర్చోబెట్టి భిన్నాలు చెప్పాను. ఐశ్వర్య అనే పిల్లకి ఎంత చెప్పినా పైనున్నవి పైన, కిందున్నవి కింద కూడేస్తోంది. నాన్న లోపలి నుంచి వచ్చి కాసేపు చూశారు. బెత్తం నా చేతికిచ్చారు.

"అక్కా, రేపు నేర్చుకొస్తానక్కా" అంది ఐశ్వర్య.

కొట్టాను. అరచేతి మీద. ఆ తర్వాత రెండో చెయ్యి కూడా చాపమన్నాను. అది నాన్న చెప్పలేదు. నేనే అన్నాను.

"ఇప్పుడు అనిపించావే నా కూతురివని" అన్నారు నాన్న.

చేతికి హాయిగా అనిపించింది. ఈ మాట కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను.

ఆగస్టు 10

గట్టిగా ఏం కొట్టలేదు.

ఆగస్టు 12

ఐశ్వర్య ట్యూషన్‌కి రాలేదు. జ్వరమట. వానలు పడుతున్నాయి కదా, ఊళ్లో అందరికీ జ్వరాలే.

ఆగస్టు 18

ఐశ్వర్య వచ్చింది. నేను దాని వెనకాల అలమరాలో సుద్దముక్క అందుకుందామని చెయ్యెత్తాను. అంతే, అది రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. పక్కనున్న పిల్లలు నవ్వలేదు. వాళ్లు కూడా కొంచెం ముడుచుకున్నారు.

నేను రోజూ అలా ముడుచుకుంటానా? బయటి నుంచి చూస్తే ఇలాగే ఉంటానా?

నాన్న దగ్గరికెళ్లి, ఇక చిన్నపిల్లలకి చెప్పనన్నాను. ఎందుకని అడిగారు. కొట్టలేనన్నాను. ఆ పూట ఆ బెత్తం నా వీపు మీదే విరిగింది. టీవీలో ఏదో పాటల పోటీ వస్తోంది, తీర్పు చెప్పేవాళ్లు చప్పట్లు కొడుతున్నారు.

లడ్డు తెచ్చారు. తిన్నాను.

సెప్టెంబర్ 13



కాలేజీ నుంచి నేరుగా జోహ్రా వాళ్లింటికి వెళ్లాం. ఉప్పుగాలి పేజీకి గుడివాడ నుంచి దేవదానం అనే ఆయన మెసేజ్ పెట్టారు. పెద్ద ఆర్డరు, ఫోన్లో మాట్లాడాలన్నారు. జోహ్రా స్పీకర్ పెట్టి తనే మాట్లాడింది.

"నమస్తే అండీ. మా చెల్లెలి ఇంట్లో మీరేసిన రొయ్యల చెరువు బొమ్మ చూశానండీ. ప్రాణం ఉందండీ దానికి. మేము పదో తరగతి పాసై పాతికేళ్లయింది. డిసెంబర్లో అందరం కలుస్తున్నాం. మాకు లెక్కలు చెప్పిన మాస్టారికి ఆయన బొమ్మే కానుకగా ఇద్దామని. ఆయన కూడా మీ బందరులోనే ఉంటారు. ఫొటో పంపిస్తాను, చూడండి."

ఫొటో వచ్చింది. పాత స్కూలు గుమ్మంలో నల్ల మీసం, గళ్ల చొక్కా, చేతిలో బెత్తం. నాన్న.

జోహ్రా నా ముఖం చూసి ఫోన్ పెట్టేయబోయింది. వద్దని సైగ చేశాను.

"బెత్తం మాత్రం తప్పకుండా ఉండాలండోయ్" అని నవ్వుతున్నారు దేవదానం గారు. "అది లేకపోతే మాస్టారే కాదు. మమ్మల్ని బాదీ బాదీ మనుషుల్ని చేశారు. మా తాతారావుకి ఆయన కొట్టిన దెబ్బకి ఎడమ చెవి ఇప్పటికీ వినపడదండీ. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు. మరి ఈ బొమ్మకి ముందు చందా ఇచ్చిందెవరనుకున్నారు? వాడే!"

జోహ్రా "అయ్యో" అంది.

"అయ్యో ఏముందండీ, ఆయన కొట్టబట్టే కదా ఇంతవాళ్లమయ్యాం."

వేస్తామని చెప్పమన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాన్నకి నా బొమ్మ ఒకటి ఇవ్వాలని ఎప్పటి నుంచో ఉంది. అందుకే అయ్యుంటుంది.

అక్టోబర్ 5

దసరా సెలవులు. క్వార్టర్లీ మార్కులు పర్లేదు. నాన్న నా నెత్తి మీద చెయ్యి వేసి "గుడ్" అన్నారు. నేను తల దాచుకున్నాను. నాన్న ముఖం మాడిపోయింది. "ఏంటే, నేనేమన్నా రాక్షసుడినా?" అన్నారు. ఆ మాట తన చేత అనిపించినందుకే అన్నట్టు చెంప మీద ఒకటి వేశారు.

అక్టోబర్ 29

తుఫాను. కాలేజీ మూసేశారు. నాన్న ఇంట్లోనే. కరెంటు లేదు. టీవీ లేదు.

అమ్మ వంటింట్లో నేల మీద కూర్చుని రెండు చెవులూ మూసుకుంది. నాకు కనపడింది.

నవంబర్ 8

ముఖం కుదరడం లేదు. కాన్వాస్ మీద వేస్తున్నాను, కాబట్టి తప్పొచ్చిన చోట మళ్లీ రంగు పూసి దిద్దుకోవచ్చు. అయినా కుదరడం లేదు. నవ్వు పెడితే ఎవరో పెళ్లిచూపులకొచ్చినాయనలా ఉన్నారు. గంభీరంగా వేస్తే పార్కులో విగ్రహంలా ఉన్నారు.

జోహ్రా అంది, "నువ్వు ఫొటో చూసి వేస్తున్నావే. నీకు తెలిసిన మనిషిని చూసి వెయ్యి."

నవంబర్ 16

వేశాను. పొద్దున కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా లేవలేదు. రేపు కెమిస్ట్రీ టెస్ట్. పుస్తకం తెరవలేదు.

కొట్టే ముందు నాన్న వాచీ తీసి జేబులో పెట్టుకుంటారు. అద్దాలు తీయరు, వాచీనే. ఎడమ మణికట్టు మీద తెల్లటి పట్టీలా మచ్చ కనపడుతుంది. కింది పెదవి పళ్ల మధ్యకి వెళుతుంది. కనుబొమలు మాత్రం ముడిపడవు, అదే చిత్రం. ముఖం ప్రశాంతంగా ఉంటుంది, భోజనానికి కూర్చున్నట్టు. ఆ క్షణంలో ఆయనకి ఇంకేం అక్కర్లేదు.

అది వేశాను. నేను వేసినవాటిలో ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

చూసి జోహ్రా వాళ్లమ్మ లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి టీ తెచ్చి నా పక్కన కూర్చుని, "నువ్వు మా ఇంట్లోనే ఉండిపోరాదా బేటీ" అంది. నాకు కోపమొచ్చింది. మా ఇంటికేమైంది?

నవంబర్ 20

బొమ్మ ఫొటో పంపాం. దేవదానం గారి నుంచి రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఈ రోజు ఫోన్ చేశారు. గొంతులో నవ్వు లేదు.

"ఇది... మాస్టారిని మీరెక్కడ చూశారండీ?"

"మీరు పంపిన ఫొటోలోనే అండీ" అంది జోహ్రా.

"కొంచెం నవ్వు ముఖం పెట్టి ఇస్తారా? ఫంక్షన్ కదండీ." తర్వాత ఆయనే ఆగి, "వద్దులెండి. గ్రూపులో పెడితే అందరూ మార్చమనే అన్నారు. తాతారావు ఒక్కడే, మారిస్తే నేను రానన్నాడు. అలాగే పంపెయ్యండి" అన్నారు.

డిసెంబర్ 14, ఉదయం

ఈ రోజే గుడివాడ. ముగ్గురం వెళ్తున్నాం. నాన్న తెల్ల పంచె, లాల్చీ. అద్దం ముందు రెండుసార్లు మీసం దువ్వుకున్నారు. "పిల్లలు కారు పంపారు, చూశావా" అని అమ్మతో పదేపదే అంటున్నారు. ఇంత సంతోషంగా ఆయన్నెప్పుడూ చూడలేదు.

నాన్నకి నచ్చుతుంది. బొమ్మ బాగుంది కదా. నచ్చుతుంది.

డిసెంబర్ 17

ఎడమ చెయ్యి.

డిసెంబర్ 20

అమ్మ పక్కనే ఉంది.

డిసెంబర్ 26

నాగాయలంకలో ప్రకాశరావు మావయ్య ఇంట్లో ఉన్నాం. అమ్మకి తమ్ముడు. ఎడమ చేత్తో రాస్తుంటే అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. అయినా పొద్దుటి నుంచి ఇంతింతే రాస్తున్నాను. రాయకపోతే నేనే మార్చి చెప్పుకుంటానని భయం.

గుడివాడలో హాలు నిండా జనం. నాన్నకి శాలువా కప్పారు, కాళ్లకి మొక్కారు. నలభై దాటిన వాళ్లందరూ చిన్నపిల్లల్లా అరిచేతులు చాపి "కొట్టండి మాస్టారూ" అన్నారు. నాన్న కొట్టినట్టు నటిస్తే పగలబడి నవ్వారు. తర్వాత దేవదానం గారు మైకులో, "ఈ బొమ్మ వేసింది బందరులోనే ఎవరో ఆర్టిస్టు, పేరు చెప్పరు, ఉప్పుగాలి అంటారు" అని బొమ్మ మీది గుడ్డ లాగారు.

నవ్వు ఆగిపోయింది. ఒకళ్ల తర్వాత ఒకళ్లు కాదు, అందరిదీ ఒకేసారి. ముందు వరసలో ఒకాయన చేతులు చంకల్లో దాచుకున్నారు. ఆయన భార్య "ఏమైందండీ" అంటోంది. వెనక నుంచి బట్టతల మనిషి ఒకాయన లేచి వేదిక దాకా నడిచొచ్చారు. మైకు తీసుకుని, కుడి చెవి నాన్న వైపు తిప్పి, "మాస్టారూ, నేను తాతారావుని. ఆ రోజు నేను హోంవర్క్ చేశానండీ. పుస్తకం ఇంట్లో మర్చిపోయాను. చెబుదామంటే మీరు విన్లేదు" అన్నారు. మైకు కింద పెట్టి వెళ్లి కూర్చున్నారు.

నాన్న నవ్వారు. "బొమ్మ బాగుందర్రా" అన్నారు. ఆ తర్వాత బొమ్మ దగ్గరగా వెళ్లి అందులో మణికట్టు మీది తెల్ల మచ్చ చూశారు. వెనక్కి తిరిగి అంత జనంలో నన్ను వెతికి పట్టుకున్నారు. ఆ ముఖాన్ని ఎదురుగా నిలబడి రోజూ చూసేది నేనొక్కదాన్నేనని ఆయనకి తెలుసు.

 కారులో నాన్న డ్రైవరుతోనే మాట్లాడాడు, పామర్రు దగ్గర రోడ్డు బాలేదని.

ఇంటికి రాగానే వాచీ తీశాడు.

"ఏ చేత్తో వేశావే?"

కుడి చెయ్యి చాపాను. అలవాటు. అడిగితే చాపడమే. బెత్తం తీస్తాడనుకున్నాను. మణికట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లి ఇనప బీరువా సందులో వేళ్లు పెట్టి తలుపు వేశాడు. మళ్లీ తీసి మళ్లీ వేశాడు. ఎముకల చప్పుడు నాకు వినపడింది, ఎండుపుల్లలు విరిగినట్టు. నేను అరవలేదు. రెండోసారి అరిచాను. కింద పడితే పక్కటెముకల్లో తన్నాడు. "నన్ను నలుగురిలో... నన్ను నలుగురిలో" అంటున్నాడు, తన్నుకి ఒకసారి.

అమ్మ రిమోట్ తీసుకుంది. టీవీ పెట్టలేదు. దాన్ని ఆయన ముఖానికేసి కొట్టింది. కళ్లద్దం పగిలి కనుబొమ తెగింది. ఆయన అమ్మ జుట్టు పట్టుకుని గోడకి కొట్టాడు. ఆ సందులో నేను లేచి ఎలా పరిగెత్తానో, అమ్మ ఎలా వెనకాల వచ్చిందో తెలియదు. వీధిలో చెప్పుల్లేకుండా ఇద్దరం. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఆటో ఆపింది జోహ్రా వాళ్లమ్మ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది, ఎలా జరిగిందని.

"బాత్‌రూమ్‌లో..." అని మొదలుపెట్టింది అమ్మ. నుదుటి నుంచి నెత్తురు కారుతూనే ఉంది.

"మా నాన్న కొట్టాడు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గదంతా ఖాళీ అయినట్టనిపించింది. అమ్మ నా వైపు చూసి, డాక్టరమ్మ వైపు చూసి, "అవునండీ. దీన్నీ, నన్నూ. రాసుకోండి" అంది.

జనవరి 3

ఆసుపత్రికి దేవదానం గారు వచ్చిన సంగతి రాయలేదు. ఇంకో నలుగురు పాత విద్యార్థులతో వచ్చారు. పోలీసు కేసు వెనక్కి తీసుకోమని. "ఉప్పుగాలి నువ్వేనా తల్లీ" అని ఏడ్చారు కూడా. "పెద్దాయన. ఆవేశంలో జరిగింది. పేరు పోతుందమ్మా. ఆయన మా దేవుడు."

"మీ దేవుడి చేత్తో ఇది చేయించుకున్నాను" అని కట్టు చూపించింది అమ్మ. నా చేతిది కాదు, తన తలది. అమ్మ అలా మాట్లాడగలదని నాకు తెలియదు.

అందరూ వెళ్లాక తాతారావు గారు ఒక్కరే వచ్చారు. బొమ్మ తన ఇంట్లో పెట్టుకున్నానన్నారు. "పాతికేళ్లు నవ్వుతూ చెప్పుకున్నానమ్మా ఈ చెవి గురించి. నీ బొమ్మ చూశాక నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్లకో." కమలాపళ్ల సంచి మంచం మీద పెట్టి వెళ్లిపోయారు.

జనవరి 22

కట్టు విప్పారు. చూపుడువేలు వంగడం లేదు. కుంచె పట్టుకుంటే జారిపోతోంది. వ్యాయామం చేస్తే కొంత వస్తుందట, ఎంతన్నది చెప్పలేదు.

పబ్లిక్ పరీక్షలకి స్క్రైబ్‌ని ఇస్తామన్నారు. నేను చెబితే పదో తరగతి పిల్ల ఎవరో రాస్తుంది. జోహ్రా రోజూ నోట్సు ఫొటోలు పంపుతోంది. ఉప్పుగాలికి ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి. పరీక్షలయ్యేదాకా బొమ్మలు లేవని దాని చేత రాయించాను.

ఆయన బెయిలు మీద ఇంట్లోనే ఉన్నాడట. ట్యూషన్‌కి పిల్లలు తగ్గలేదట. ఐశ్వర్య ఒక్కతే మానేసిందట.

ఫిబ్రవరి 21

ఈ రోజు మధ్యాహ్నం ఆయన వచ్చాడు.

మావయ్య రొయ్యల చెరువుల మీద ఉన్నాడు. అమ్మ వంటింట్లో. నేను గుమ్మంలో కూర్చుని లెక్కలు నోటితో చెప్పడం సాధన చేస్తున్నాను. మోటార్ సైకిల్ ఆగింది. చిక్కిపోయాడు. కనుబొమ మీద మచ్చ.

"ఎల్లుండి నుంచే కదమ్మా పరీక్షలు" అన్నాడు మెల్లగా. "ఇంటికి రా. లెక్కలు నేను చెబుతాను. నీకు నాకంటే ఎవరు చెబుతారు?"

అది నిజమే. అందుకే ఏడుపొచ్చింది. నాకు లెక్కలు వచ్చింది ఆయన వల్లే.

అమ్మ బయటికొచ్చింది. "అది రాదండీ. నేనూ రాను. మీరు వెళ్లండి."

"నీతో మాట్లాడటం లేదు నేను."

"కోర్టు మీరు మా దగ్గరికి రాకూడదని చెప్పింది. వెళ్లండి."

చెయ్యి లేచింది. అమ్మ ముఖం పక్కకి తిరిగిపోయింది, దెబ్బ ఇంకా తగలకముందే.

గోడకి మావయ్య పడవ తెడ్డు ఆనించి ఉంది. ఎప్పుడు తీశానో తెలియదు. ఎడమ చేత్తో పట్టుకుని, సరిగ్గా వంగని కుడి చేతిని కింద ఆనించి, ఊపి కొట్టాను. భుజం మీద తగిలింది. ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. మళ్లీ ఎత్తాను. ఈసారి తల మీదకి.

ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయాడు.

"అమ్మా, వద్దమ్మా" అన్నాడు. నన్ను.

నాకు హాయిగా ఉంది. అబద్ధం రాయను. ఒంట్లో ప్రతి ఎముకా కొట్టు కొట్టు అంటోంది. తెడ్డు గాల్లోనే ఉంది. అమ్మ ఆపలేదు, చాలనలేదు, ఊరికే చూస్తోంది. ఆపాల్సింది నేనేనని అప్పుడు అర్థమైంది.

తెడ్డు దించాను. దించడం ఎత్తడం కంటే కష్టంగా ఉంది.

"వెళ్లండి" అన్నాను.

లేచి, భుజం పట్టుకుని, బండి స్టార్ట్ చేయడానికి మూడు నాలుగుసార్లు తన్నాడు. వెనక్కి చూడలేదు. అమ్మ పోలీసులకి ఫోన్ చేసి చెప్పింది, వచ్చాడనీ, నేను కొట్టాననీ కూడా.

తర్వాత ఇద్దరం అక్కడే కూర్చున్నాం. 

"నేను ఆయనలాగా అయిపోతానా అమ్మా?"

 "నాకేం తెలుసే" అంది అమ్మ. "ముందు ఆ తెడ్డు తీసుకెళ్లి పడవలో పడేసి రా."

వెళ్లి పడేసి వచ్చాను. వచ్చేసరికి అమ్మ చేతులు తుడుచుకుని తెల్ల కాగితాలు ముందేసుకుంది.

"చెప్పు. నేను రాస్తాను. నీ పరీక్ష రాసే పిల్లకి నువ్వెలా చెప్పాలో తెలియాలి కదా."

చెప్పాను. ఇంటిగ్రల్ గుర్తు దగ్గర అమ్మ ఆగిపోయింది. ఎస్ అక్షరాన్ని నిలువుగా సాగదీసినట్టు గీయమన్నాను. పెన్ను గట్టిగా పట్టుకుని, నాలుక బయటపెట్టి, పై నుంచి కిందకి గీసింది. వంకర పోయింది.

"పాడైంది. కొట్టేసి మళ్లీ వెయ్యనా?"

"వద్దు. తర్వాతది రాయి" అన్నాను.